మొదటి వాయి ఎవరికి?



పండుగకు కోడి కోయని ఇల్లు మన సంఘాలలో అరుదు. ఈమధ్య కొన్ని గ్రామాలలో నాటుకోళ్ళతోపాటు టర్కీ కోళ్ళను కూడా పెరట్లో పెంచుతున్నారు. ఒక్క పక్షితో ఇంటిల్లిపాదికి, వచ్చిన చుట్టాలకు సరిపోతుంది. అయితే దానిని వేపితే మాంసం పీచుపీచుగా, ఎండుకట్టెలా అవుతుందనే మాట వింటుంటాం. అది పక్షి దోషం కాదు. రొమ్ము మాంసంలో కొవ్వు చాలా తక్కువ. కొవ్వు లేని మాంసానికి వండే పద్ధతి వేరు.

ఈ పక్షి పుట్టిల్లు ఉత్తర అమెరికా ఖండం. అడవి టర్కీలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. విచ్చలవిడి వేట వలన, అడవులు నరకడం వలన 20వ శతాబ్దం ఆరంభానికి అవి దాదాపు అంతరించే స్థితికి వచ్చాయి. తరువాత చట్టాలు చేసి, మిగిలినవాటిని పట్టి వేరే అడవులలో విడిచి, మళ్ళీ వృద్ధి చేసుకున్నారు. ఇప్పుడు లైసెన్సు తీసుకొని, అనుమతించిన కాలంలోనే వేటాడతారు. పరుగెత్తి, ఎగిరి గట్టిపడిన ఆ మాంసాన్ని అక్కడి గృహిణులు మజ్జిగలో నానబెట్టి, పిండి పట్టించి కరకరలాడేలా వేపుతారు. మన పెరటి టర్కీకి కూడా అదే పద్ధతి చక్కగా సరిపోతుంది. మన అడవికోళ్ళను మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది. వాటిని వేటాడడం నేరం. ఎవరైనా గుమ్మంలోకి తెచ్చి అమ్మినా కొనకూడదు.

కావలసినవి: ఎముక లేని రొమ్ము మాంసం 1 కిలో, చిక్కని పుల్లమజ్జిగ 2 గ్లాసులు, అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, కారం 2 చిన్న చెంచాలు, పసుపు చిటికెడు, మైదా 2 గ్లాసులు, బియ్యప్పిండి అర గ్లాసు, మిరియాల పొడి 1 చిన్న చెంచా, ఉప్పు, కరివేపాకు, వేపడానికి వేరుశనగ నూనె.

చేసే విధానం: మాంసాన్ని పీచుకు అడ్డంగా, వేలు మందాన కోయాలి. నిలువుగా కోస్తే ఎంత వేపినా పీచు పళ్ళకు తగులుతుంది. మజ్జిగలో ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి కలిపి ముక్కలు నానవేయాలి. ఫ్రిజ్ ఉంటే రాత్రంతా ఉంచవచ్చు. లేనివారు గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి గంటన్నరకు మించకుండా నాననిస్తే చాలు.

మైదా, బియ్యప్పిండి, మిరియాల పొడి, కొంచెం ఉప్పు కలపాలి. ముక్కల మజ్జిగ కారిపోనిచ్చి, పిండిలో అద్ది గట్టిగా నొక్కి, పది నిమిషాలు పళ్ళెంలో ఆరనివ్వాలి. అప్పుడు పిండి నూనెలో ఊడిపోదు. నూనెలో చిటికెడు తడిపిండి వేస్తే వెంటనే బుడగలతో పైకి తేలాలి. నూనె పొగలు రాకూడదు. వాయికి ఐదారు ముక్కలే వేయాలి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్కలు నూనె పీలుస్తాయి. నాలుగైదు నిమిషాలకు బంగారు రంగు వస్తుంది. మందమైన ముక్కను కోసి చూడండి. లోపల ఎరుపు ఉంటే ఇంకా వేగాలి. చివరగా కరివేపాకు వేపి పైన చల్లాలి.

కాళ్ళు, తొడలు వేపుడుకు పనికిరావు. వాటిలో గట్టి నరాలుంటాయి. మెత్తబడేవరకు కుక్కరులో ఉడికించి, నరాలు తీసివేసి పులుసు పెట్టుకోండి.

వేపుడు కరకర ఎంతోసేపు నిలవదు. మూత పెడితే ఆవిరికి పావుగంటలో మెత్తబడుతుంది. అందుకే ముక్కలను జల్లెడలో విడివిడిగా ఉంచాలి.

ఇక్కడే ఒక మాట. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయంలో, ధర్మశాస్త్రము విని ఏడ్చిన ప్రజలను ఓదార్చి, వెళ్ళి విందు చేసుకొమ్మని, ఏమీ సిద్ధపరచుకోలేనివారికి వంతులు పంపమని చెప్పారు. మనమూ పంపుతాము. కాని ఎప్పుడు? చాలా ఇళ్ళలో చుట్టాలు తిని లేచాక, చల్లారి మెత్తబడిన నాలుగు ముక్కలు, ఎముకల పులుసు వీధి చివరి విధవరాలి ఇంటికి వెళతాయి. ఆ గిన్నె మూత తీయగానే తన వంతు చివరిదని ఆమెకు తెలిసిపోతుంది. కోతపండుగనాడు ప్రథమ ఫలాలు మందిరానికి తెచ్చే మనకు ఈ క్రమం తగునా?

ఈ పండుగకు మొదటి వాయి ఆమె కోసం తీయండి. క్యారియరులో బిగించక, విస్తరాకు పరచిన పళ్ళెంలో పెట్టి, పలుచని గుడ్డ కప్పి, వేడి తగ్గకముందే పిల్లలచేత పంపండి. ఇచ్చే చేయి ఎలా ఉండాలో పిల్లలు నేర్చుకునేది ఆ నడకలోనే. రెండవ వాయికి మన ఇంటివారు కాసేపు ఆగగలరు.

ప్రభువు మీ వంటింటిని, మీ పళ్ళెం చేరిన ఇంటిని దీవించునుగాక.