క్రొత్త బల్ల – ఉపాధ్యాయుల శిక్షణ

మా తొమ్మిదవ తరగతి గదికి ఇప్పుడు రెండు తాళములు. మొదటిది పూర్వమునుండి ఉన్నదే. రెండవది గోడమీద క్రొత్తగా అమర్చిన స్మార్టు బోర్డు కొరకు వేసినది. ఆ బోర్డు వచ్చిన దినమున పిల్లలు కిటికీలకు వ్రేలాడి చూచిరి. పిమ్మట దానిపై ఒక దుప్పటి కప్పబడెను. దుమ్ము పడకుండుటకు కప్పితిమని మేము చెప్పుకొంటిమి. నిజమునకు, దుప్పటి తీసిన పిమ్మట ఏమి చేయవలెనో మాలో పలువురకు తెలియదు. పాఠశాల పత్రికలో ఉపాధ్యాయుడే ఈ మాట వ్రాయుట కొంత సిగ్గైన సంగతి. అయినను పిల్లలకును తల్లిదండ్రులకును తెలియవలసినదే కనుక వ్రాయుచున్నాను.

ఆ బోర్డును వాడుట నేర్పుటకు మమ్ము ఒక దినము శిక్షణకు పిలిచిరి. హోసూరు ప్రాంతపు తెలుగు మాధ్యమ ఉపాధ్యాయులము నలుగురము వెనుక వరుసలో కూర్చుంటిమి. శిక్షణ ఇచ్చినాయన మంచివాడు, చురుకైనవాడు. ఏ గుర్తును తాకిన ఏమి తెరచుకొనునో తమిళమున చకచక చెప్పుకొనిపోయెను. మాకు తమిళము రాదని కాదు. ఈ గడ్డపై పుట్టినవారికి సంతలోను, బస్సులోను, కచేరీలోను తమిళము నిత్యావసరము. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను కూడ. మా చిక్కు వేరు. ఆయన చూపిన పాఠములన్నియు తమిళ వాచకములలోనివి. ‘తెలుగులో వ్రాయుట యెట్లు?’ అని మాలో ఒకరు అడుగగా, ఆయన కొంచెము వెదకి, ‘అది తరువాత చూతము’ అనెను. సాయంకాలము ధ్రువపత్రములు ఇచ్చిరి. ఆ ‘తరువాత’ ఇంకను రాలేదు.

తిరిగి వచ్చిన వారమే నేను ఇంట టైపు చేసికొన్న సంధుల పాఠమును ఆ బోర్డుపై తెరచితిని. తెలుగు అక్షరములకు మారుగా ఆంగ్లాక్షరములును, వింత గుర్తులును కలగాపులగముగా కనబడెను. తరగతి ఘొల్లుమనెను. నేను వాడినది పాత పద్ధతి ఫాంటు. అది ఏ యంత్రములో ఉన్నదో ఆ యంత్రముపైనే సరిగా కనబడును. యూనికోడ్ అను పద్ధతిలో టైపు చేసిన తెలుగునకు ఈ బాధ లేదు. 1991లో వెలువడిన ఆ పద్ధతి మొదటి కూర్పులోనే మన లిపికి చోటు కలదు. ఇది పది నిమిషములలో నేర్పదగిన సంగతి. ఆ పది నిమిషములే మా శిక్షణలో లేకపోయెను.

వస్తువు ముందు వచ్చి, నేర్పు తరువాత వచ్చుట మన దేశమున క్రొత్త గాదు. 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ అను పథకము క్రింద ప్రాథమిక పాఠశాలలకు గదులు, నల్లబల్లలు, పటములు, విజ్ఞానశాస్త్ర పరికరముల పెట్టెలు సమకూర్చ మొదలిడిరి. ఆ పరికరములను వాడుట ఉపాధ్యాయులకు నేర్పుటకై ప్రత్యేక శిక్షణ ఆరంభమైనది 1993-94లో! ఈ నడుమ ఎన్ని పెట్టెలు బీరువాలలో నిద్రించినవో పాతకాలపు ప్రధానోపాధ్యాయులను అడిగిన చెప్పగలరు. దానికి పూర్వమే మరియొక విధమైన ప్రయత్నమును జరిగినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేసిరి. అవి హిందీ, కన్నడ, ఒడియా, తెలుగు భాషలలో వచ్చినవి. ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణయు ఆ ప్రసారములలో భాగమే. ఆకాశమునుండి యంత్రము మాటలాడవలసి వచ్చినప్పుడు వినువాని భాషలో మాటలాడవలెనని ఆనాటివారికి తోచినది. గోడమీది యంత్రమునకు మాత్రము ఆ నియమము ఏల వర్తింపరాదు?

బోర్డు వచ్చినంతమాత్రమున చదువు పెరుగునని నేను చెప్పుట లేదు. లండను నగరమున 2003-04లో ఉన్నత పాఠశాలలకు ఇట్టి బోర్డులు పెద్దయెత్తున ఇచ్చిరి. లండను విశ్వవిద్యాలయపు విద్యాబోధన సంస్థవారు దానిని పరిశీలించి 2007లో నివేదిక వెలువరించిరి. బోర్డులు అమరిన తొలి సంవత్సరమున విద్యార్థుల ఫలితములలో చెప్పదగిన వృద్ధి వారికి కనబడలేదు. ఉపాధ్యాయుడు ఏమి బోధింపదలచి దానిని తాకుచున్నాడన్నదే ముఖ్యమని ఆ పరిశీలనవలన తేలినది. నల్లబల్లయే చాలునను మా వృద్ధ మిత్రులకు ఇది సంతోషము కలిగించు వార్త. కాని వారు తొందరపడరాదు.

ఛందస్సును చూడుడు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములు. పదవ అక్షరము యతిస్థానము. నల్లబల్లపై పద్యపాదము వ్రాసి, గురులఘువులు గుర్తించి, తప్పిన తుడిచి, మరల వ్రాయుసరికి గంట మ్రోగును. ఈ బోర్డుపై పాదము వ్రాసినది వ్రాసినట్లే నిలిచియుండును. గురువులకు ఒక రంగు, లఘువులకు ఒక రంగు. ఒక పిల్ల తప్పు చేసిన ఆ గుర్తు మాత్రమే తొలగించి, మరియొక పిల్లను పిలువవచ్చును. మరునాడు అదే పుట తెరచి, నిన్న ఎక్కడ తప్పినదో చూపవచ్చును. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు, సిద్ధము చేసిన చిత్రములు అక్కరలేదు. బోర్డుతో వచ్చిన కలము, ఖాళీ పుట చాలును. చేతివ్రాతకు భాషాభేదము లేదు. తెలుగు వత్తును తిరస్కరించు కలము ఇంకను పుట్టలేదు. తెలుగు ఉపాధ్యాయులకు మొట్టమొదట నేర్పవలసినది ఇదే. మాకు దీనిని చివర కూడ నేర్పలేదు.

చిన్న చిక్కులను గూర్చియు చెప్పువారుండవలెను. మా బోర్డు అంచులలో కంటికి కనబడని పరారుణ కిరణములు ప్రసరించుచుండును. వానికి అడ్డుపడినదెల్ల వ్రేలే యనుకొనును. మా సహోపాధ్యాయిని ఒకామె పాఠము చెప్పుచుండగా పైటకొంగు తగిలి పుట తిరిగిపోయెను. ఆమె బోర్డు చెడినదనుకొని ఆపివేసి, నెల దినములు దాని జోలికి పోలేదు. పిల్లల యెదుట తడబడుట కంటె ఉపాధ్యాయునకు పెద్ద భయము లేదు. ఆ భయము ఒక దినపు ఉపన్యాసముతో పోదు. పిల్లలు లేని గదిలో, తోటివారి నడుమ, తన పాఠమునే పది మారులు చెప్పి చూచుకొన్ననే పోవును.

ఇందు తల్లిదండ్రులకు ఏమి సంబంధమందురేమో. మొన్న ఒక తండ్రి వచ్చి, ‘తెలుగు సెక్షనులో బోర్డుకు దుప్పటి, పక్క సెక్షనులో సినిమా మాదిరి పాఠం. మావాణ్ణి అక్కడికే మార్చేస్తాను సారూ’ అనెను. ఆయన మాటలో నాకు తప్పు కనబడలేదు. కాని పిల్లలు తగ్గిన ఉపాధ్యాయ పదవి పోవును. పదవి పోయిన సెక్షను మూతపడును. తెలుగు చదువు పనికిరాదని ఎవరును తీర్మానింపకయే, ఒక దుప్పటివలన అది జరిగిపోవచ్చును.

1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. అది ప్రాథమిక దశకే పరిమితమన్నది నిజము. ఉన్నత పాఠశాల కొరకు దానిని చూపి వాదింప వీలులేదు. అయినను ‘వసతి’ యనగా ఆనాడు పుస్తకము, పంతులు. ఈనాడు ప్రభుత్వమే గోడకు బోర్డు తగిలించినప్పుడు, దానిపై ఆ భాషలో పాఠము చెప్పగల పంతులును వసతిలోనివాడే. అడుగవలసినది పెద్దదేమియు కాదు: శిక్షణలో తెలుగు మాధ్యమమువారికి వేరుగా ఒక పూట, తెలుగు తెలిసిన శిక్షకుడొకడు, ఆరు నెలలకు మరల ఒక పూట.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన దీక్షా వేదికపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారి తెలుగు పాఠములు కలవు. వానిని ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. వారి పాఠ్యప్రణాళిక వేరు, మనది వేరు. కనుక ఏది మన పాఠమునకు అతుకునో ఏరుకొను శ్రమ తప్పదు. మేము నలుగురము ఇప్పుడు శుక్రవారము చివరి గంట తరువాత ఆ గదిలో కూడుచున్నాము. ఒక్కొక్కరు ఒక్కొక్క పాఠము చెప్పుదురు. మిగిలినవారు పిల్లలవలె అల్లరి చేయుదురు. పైటకొంగు తగిలిన ఉపాధ్యాయినియే మొదట చెప్పెను. వచ్చు వారము విజ్ఞానశాస్త్రము, కాంతి పరావర్తనము. తల్లిదండ్రులలో ఎవరైనను వచ్చి వెనుక బల్లమీద కూర్చుండవచ్చును, నాలుగున్నరకు మొదలగును.