సికిల్‌సెల్‌: రక్తపరీక్ష అయింది.. వైద్యమెప్పుడు?

పాడేరు: ఒళ్లు నొప్పులతో మెలికలు తిరిగే బిడ్డకు మన్యంలో చాలాకాలం అందిన వైద్యం నొప్పి మాత్ర, ఇనుము మాత్ర. కళ్లు పచ్చబడితే కామెర్లన్నారు, నీరసిస్తే రక్తహీనతన్నారు. ఆ రెండింటి వెనుకా ఉండగల సికిల్‌సెల్‌ వ్యాధి పేరు ఆ తల్లిదండ్రుల చెవిన పడలేదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ సికిల్‌సెల్‌ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించిన తర్వాతనే ఈ మాట గూడేల దాకా వ్యాపించింది. కార్యక్రమం అమలవుతున్న 17 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రెండూ ఉన్నాయి.

ఇది అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో పుట్టుకతో వచ్చిన లోపం వల్ల, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుపోతుంది. భరించరాని నొప్పికి మూలం అదే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులకు మాత్రం సాధారణంగా ఏ బాధా ఉండదు. పైగా వారికి ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియా పీడిత అటవీ ప్రాంతాల్లోనే ఈ లోపం తరతరాలుగా నిలిచి ఉండటానికి కారణమిదే. మన దేశంలో దీనిని తొలిసారి 1952లో గుర్తించింది కూడా నీలగిరి కొండల గిరిజనులలోనే.

ఈ సమస్యపై ప్రభుత్వాల కన్నా ముందే పనిచేసినవారున్నారు. డాక్టర్‌ హెచ్‌.సుదర్శన్‌ బెంగళూరులో వైద్యవిద్య పూర్తిచేసి, కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలలో సోలిగ గిరిజనుల మధ్య స్థిరపడ్డారు. 1981లో వివేకానంద గిరిజన కల్యాణ కేంద్రాన్ని స్థాపించారు. మొదట వైద్యం, తర్వాత బడి, ఆ తర్వాత ఉపాధి.. ఇలా ఒకదాని వెంట ఒకటి చేరాయి. సోలిగలలో సికిల్‌సెల్‌ గుర్తింపు, చికిత్స కూడా ఆ సేవలో భాగమయ్యాయి. ఆయనకు 1994లో రైట్‌ లైవ్‌లీహుడ్‌ పురస్కారం, 2000లో పద్మశ్రీ దక్కాయి. పురస్కారాల మాట అటుంచితే, అక్కడ ఫలించింది మందొక్కటే కాదు. వైద్యుడు కొండ దిగి వెళ్లిపోలేదు. ఏళ్ల తరబడి కనిపించిన మనిషి మాటనే గిరిజనుడు నమ్మాడు.

గుజరాత్‌ది మరో దారి. వల్సాడ్‌కు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త డాక్టర్‌ యజ్దీ ఇటాలియా కృషితో అక్కడ 2006లో సికిల్‌సెల్‌ నియంత్రణ కార్యక్రమం మొదలై లక్షలాది గిరిజనులకు పరీక్షలు జరిగాయి. 2024లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పెళ్లికి ముందే ఇరువైపులా రక్తం సంగతి తెలుసుకోవాలన్న ఆలోచనను ప్రజలలోకి తీసుకువెళ్లిన ఘనత ఆ కార్యక్రమానిది.

జాతీయ కార్యక్రమం ఎక్కువగా ఈ రెండో దారినే పట్టింది. 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యం కాగా, 2025 మధ్యనాటికే 6 కోట్లు దాటాయి. 2 లక్షలకు పైగా రోగులు, 16 లక్షలకు పైగా వాహకులు బయటపడ్డారు. అంకెలు ఘనమైనవే. అయితే వేలిపై సూది గుచ్చడం ఒక్కరోజు పని, చికిత్స జీవితకాలపు పని.

హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడులను గణనీయంగా తగ్గిస్తుంది. కానీ ఇచ్చి వదిలేసే మందు కాదది. క్రమం తప్పక రక్తకణాల లెక్క చూడాలి, మోతాదు సరిచేయాలి. గర్భిణులకు ఇవ్వడంలో ప్రమాదముంది. పెద్ద వైద్యం కావాలంటే విశాఖ కింగ్‌ జార్జి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన, రోడ్డు దాకా డోలీలో మోయాల్సిన గూడేలకు ఈ క్రమం ఎలా సాధ్యం? ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను అమలులోకి రావడం మెచ్చదగినదే. అయితే దానికి ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి మళ్లీ పెద్దాసుపత్రి కావాలి.

పెళ్లిళ్ల విషయం మరింత సున్నితమైనది. ఇద్దరు వాహకులు వివాహమాడితే బిడ్డకు ముప్పు. ఒక్కరే వాహకులై, రెండోవారిలో ఏ లోపమూ లేకపోతే బిడ్డకు ఈ వ్యాధి రాదు. ఈ తేడాను కుటుంబానికి వారి భాషలో విడమరచి చెప్పకుండా చేతిలో కార్డు పెడితే, ముందుగా సంబంధం తప్పిపోయేది ఆడపిల్లకే. మేనరికాలు ఆనవాయితీగా ఉన్నచోట ఈ సలహా ఇంకా ఓర్పుతో సాగాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో తెలుగు కరపత్రం చేయగలిగింది తక్కువ.

పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. నిర్ధారణ పరీక్ష, రక్తనిధి, వారానికొక సికిల్‌సెల్‌ ఓపీ అక్కడే నిలకడగా సాగితే కొండవాసికి విశాఖ ప్రయాణం చాలావరకు తప్పుతుంది. ఆ ఓపీని సంత రోజున పెడితే రోగి తనంతట తానే వస్తాడు. హైడ్రాక్సీయూరియా మాత్ర మాత్రం ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే, నెలనెలా అందాలి.