తెర లేవకముందే టిక్కెట్టు

2025 సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకి న్యూజెర్సీ నుంచి ఫోను. చేసింది మా గుడివాడ అక్కయ్య కొడుకు. కుశల ప్రశ్నలు కూడా లేవు.

"మావయ్యా! నువ్వు నాటకాల పిచ్చోడివి కదా, ఓ సలహా చెప్పు. ఇక్కడ బ్రాడ్వేలో 'ఒథెల్లో' మళ్ళీ వేస్తున్నారు. డెంజెల్ వాషింగ్టన్ ఒథెల్లో, జేక్ జిలెన్‌హాల్ ఇయాగో. టిక్కెట్టు ఇప్పుడే కొనెయ్యనా, కాస్త ఆగనా?"

"ఎంతేమిట్రా టిక్కెట్టు?"

"మంచి సీటు కావాలంటే 921 డాలర్లు."

నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. మన లెక్కలో 80 వేలు! ఆ డబ్బుకి ఒకప్పుడు కృష్ణుణ్ణీ, దుర్యోధనుణ్ణీ, హార్మోనియం మేష్టారినీ కలిపి మన అరుగు మీదే కూర్చోబెట్టి పాడించుకునేవాళ్ళం కదా అనిపించింది.

వాడు చెప్పగా విన్నాను, అక్కడి పద్ధతి కొంత మన సినిమా రిలీజు లాంటిదే. అసలు ప్రారంభోత్సవానికి ముందు కొన్ని వారాలు 'ప్రివ్యూ'లని ఆడతారు. వాటికీ టిక్కెట్టే. ఆ తర్వాత పత్రికల వాళ్ళ తీర్పు వస్తుంది. బాగుందంటే రేటు ఎక్కుతుంది, బాగాలేదంటే దిగుతుంది. టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచీ ఓ కౌంటరు ఉంది. ఆ రోజు ఆటకి మిగిలిపోయిన సీట్లు అక్కడ సగం ధరకి కూడా దొరుకుతాయి. అందుకని తెలివైనవాళ్ళు ఆగుతారట. అయితే పెద్ద స్టారు కొద్ది వారాలకే వచ్చి వేసే నాటకానికి ఈ తెలివి పారదు. అక్కడ మిగిలేది మనమే గాని సీటు కాదు!

"కొనెయ్యరా" అన్నాను.

"తగ్గుతుందేమో చూస్తాను మావయ్యా. నాటకం ఎక్కడికి పోతుంది, జూన్ దాకా ఉంటుందిగా" అన్నాడు.

ఆ మాటతో నా గుండె ఒక్కసారి కలుక్కుమంది. సరిగ్గా అదే మాట నలభై ఏళ్ళ కిందట బందరులో నేనూ అన్నాను మరి. ఈ వారం ఆ ముచ్చటే.

అప్పట్లో నేను బందరులో చిన్న ఉద్యోగం వెలగబెడుతున్నాను. మా నాన్నగారు అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్ళో ఉండేవారు. ఆయనకి 'రాయబారం' అంటే ప్రాణం. బందరువాళ్ళకి ఆ నాటకం మీద ఓ హక్కు కూడా ఉందనుకోండి. 'పాండవోద్యోగ విజయాలు' రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పాఠం చెప్పినవారే! షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి వారి కృష్ణుణ్ణి చూసినవాళ్ళు ఆ తర్వాత మరో కృష్ణుడికి ఓ పట్టాన మార్కులు వేసేవారు కాదు. ఒకే రాత్రి పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు! ఎవరి గొంతు గొప్పదో తేలేసరికి తెల్లవారేది.

సరే, బందరు గోడల మీద పోస్టరు పడింది. శని, ఆదివారాలు రెండు రాత్రులు 'రాయబారం'. నేను నాన్నగారికి కార్డు ముక్క రాశాను. రాసి ఊరుకున్నానా? తెలివి చూపించాను. "మొదటి రోజు గొంతులు విచ్చుకోవు, రెండో రోజుకి రండి. పైగా ఆఖరి రోజు కాంట్రాక్టరు రేటు తగ్గిస్తాడు. టిక్కెట్టు అప్పుడే కొందాం."

ఆదివారం సాయంత్రం నాన్నగారు చేతిలో టార్చిలైటు, భుజాన దుప్పటితో బస్సు దిగారు. పులిగడ్డ అక్విడక్టు దాటి, మోపిదేవి, చల్లపల్లి మీదుగా వచ్చిన మనిషి ముఖం కడుక్కోకుండానే "పద పద" అన్నారు. వెళ్ళాం. హాలు గేటుకి తాళం! శనివారం రాత్రి సగం కుర్చీలు ఖాళీయేనట. కాంట్రాక్టరు దగ్గర మిగతా పైకం లేదు. బయానా మీద ఒక రాత్రి ఆడిన నటులు తెల్లవారుజామున రైలెక్కేశారు. గేటు పక్క సోడా బండివాడు చెప్పాడు, "ఇందాకట్నించీ మీలాంటి వాళ్ళు ఓ రెండొందల మంది వచ్చెళ్ళారండీ" అని.

చూశారా! ఆ రెండొందల మందీ నాకు మల్లే తెలివైనవాళ్ళే. వాళ్ళలో సగం మంది శనివారమే కొని ఉంటే ఆదివారం ఆట ఉండేదేమో!

నాన్నగారు నన్నేమీ అనలేదు. ఊరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి నా గది అరుగు మీద కూర్చుని రాయబారం సీను తనే నడిపించారు. కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. ఇంటాయన లేచొచ్చి "ఇహ పడుకోండి బాబూ" అనేదాకా సాగింది. మరుసటేడు ఆయనకి వినికిడి పోయింది. మళ్ళీ రాయబారం పోస్టరు పడినా ఆయనకి రాయాలనిపించలేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే... బ్రాడ్వే టిక్కెట్టుకీ, మన టిక్కెట్టుకీ తేడా ఉంది. అక్కడ మనం ఆగితే మన డబ్బు మిగలొచ్చు, పోవచ్చు. ఆ రాత్రి తెర మాత్రం లేస్తుంది. ఇక్కడ తెర లేవడమే మన టిక్కెట్టు మీద ఆధారపడి ఉంది. నటుడికి బయానా, హాలు అద్దె, మైకు, లైట్లు, డ్రెస్సులు, లారీ కిరాయి... ఇవన్నీ మొదటి గంట కొట్టకముందే పెట్టాల్సిన ఖర్చులు. మనం ఆఖరి గంటలో ఇచ్చే డబ్బు వాటికి అందదు.

ఆగడం మన జబ్బే కాదు లెండి. న్యూయార్కులో 1988 జనవరి నుంచి ఆడుతున్న 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా'ని 2023 ఫిబ్రవరిలో ఆపేస్తామని 2022 సెప్టెంబరులో ప్రకటించారు. అంతే! టిక్కెట్ల కోసం జనం ఎగబడ్డారు. ఆ ఊపుకి ఆటను ఏప్రిల్ 16 దాకా పొడిగించారు. పోతుందంటే గాని మనిషికి ప్రేమ పుట్టదు కాబోలు. ఫాంటమ్‌కి వీడ్కోలు చెప్పడానికి ఎనిమిది వారాలు అదనంగా దొరికాయి. మన పల్లెల్లో ఆగిపోయిన నాటకాలకి ఆ మర్యాద కూడా లేదు. ఎప్పుడు ఆగాయో ఎవరూ చెప్పలేరు.

సినిమా పత్రికలో నాటకాల గోల ఏమిటని విసుక్కోకండి. బందరు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసిన పింగళి నాగేంద్రరావుగారే 1957లో మనకి 'మాయాబజార్' మాటలూ పాటలూ ఇచ్చారు. గుడివాడ పక్క పల్లెటూరి నుంచి వచ్చి, స్టేజీ మీద ఆడవేషాలు కట్టిన కుర్రాడే అక్కినేని నాగేశ్వరరావయ్యారు. వాళ్ళకి తొలి పాఠశాల నాటకమైతే, జీతమిచ్చింది మన తాతల టిక్కెట్టు.

కనుక బందరు, గుడివాడ, అవనిగడ్డ పాఠకులకి నా సలహా ఇది. ఊళ్ళో పాత నాటకం మళ్ళీ వేస్తున్నారని తెలిస్తే, ఏ సీనుకి ఏ కృష్ణుడో కనుక్కోండి. ఆఖరి బస్సు టైము కనుక్కోండి. టిక్కెట్లు పెట్టిన రోజే కొనండి. రెండు రాత్రులుంటే మొదటి రాత్రికే కొనండి. గొంతులు విచ్చుకునేది జనాన్ని చూశాకే. ఇంకో మాట. "మనవాడే కదా, పాసు ఇవ్వడూ?" అని ఫోన్లు చేయకండి. వాడు మనవాడైతే టిక్కెట్టు కొనాల్సింది ముందు మనమే!

మా మేనల్లుడి సంగతా? ఆగాడు. 2025 మార్చి 23న 'ఒథెల్లో' ప్రారంభమైంది, జూన్ 8న ఆట ముగిసింది. తగ్గుతుందనుకున్న రేటు వాడికి అందేంతగా తగ్గనేలేదు. ఆ రాత్రే ఫోన్ చేసి, "మావయ్యా, గుడివాడలో రాయబారం ఎప్పుడేస్తారు?" అన్నాడు.

"వేసినప్పుడు చెబుతా. ముందు డబ్బు పంపు" అన్నాను. పంపాడు. డబ్బు నా దగ్గర భద్రంగా ఉంది. పోస్టరు ఎప్పుడు పడుతుందా అని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ గోడలు చూస్తున్నాను.

అదండీ సంగతి. కౌంటరు దగ్గర నాకంటే ముందు మీరు నిలబడి ఉంటే నాకేమీ కోపం రాదు.