ఎమ్‌డెన్ ఓడ నమూనా: దాని మంచిచెడ్డలు

గత సంవత్సరము వర్షకాలమున మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు విదేశమునుండి రెండు పెట్టెలు పంపిరి. రెండును ఒకే తీరువి. మూతమీద తరంగముల నడుమ దూసికొనిపోవు తెల్లని యుద్ధనౌక బొమ్మ; లోపల ప్లాస్టిక్కు కమ్మీలకు కాయలవలె అంటుకొనియున్న భాగములు, జోడించు విధమును తెలుపు చిత్రముల పుస్తకము, రంగుల పట్టిక. ఇట్టి పెట్టెను కిట్టందురు. ఇందలి నౌక జర్మనీవారి ఎమ్‌డెన్. అసలు ఓడలో 350 అంగుళములున్నచోట నమూనాలో ఒక అంగుళముండునట్లు దీనిని చేసిరి.

పెట్టె తెరచిన గంటలోగా ఉపాధ్యాయుల గదిలో తీర్పులు వెలువడినవి. లెక్కల మాస్టరుగారు భాగములను లెక్కించి, ఇన్ని ముక్కలున్నవి గనుక శ్రేష్ఠమైనదే యనిరి. డ్రాయింగు మాస్టరుగారు మూతమీది బొమ్మను మెచ్చిరి. మరియొకరు వెల విని, అంత వెలగలది చెడ్డదెట్లగునని యడిగిరి. మేమును ఆనాడు తల యూపినవారమే. ఆ తలయూపునకు తరువాత మేము సిగ్గుపడవలసి వచ్చినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును ముందే చెప్పుదుము. కిట్టు గుణమును నిర్ణయింపవలసినది కట్టువాని చేయి దిద్దలేని లోపములను బట్టి గాని, దిద్దగల వానిని బట్టి గాదు. ఒక ముక్క అంచున పల్చని పొర పొంగియున్న ఆకురాతితో గీకివేయవచ్చును. అచ్చు చల్లారునపుడు పడిన గుంటను లప్పముతో పూడ్చవచ్చును. రెండు సగముల అతుకు కనబడుచున్న గరుకు కాగితముతో రుద్దవచ్చును. కొత్తవారు కిట్టును తిట్టునది సామాన్యముగా ఈ మూడింటి కొరకే. కాని ఓడ మేను పొడవు తప్పినను, దాని ముక్కు వంపు తప్పినను, పొగగొట్టముల నడిమి దూరము తప్పినను ఏ పదునైదేండ్ల బాలుడు సవరింపగలడు? అచ్చు చేయువాడు చేసిన తప్పు ఆ అచ్చునుండి పుట్టిన ప్రతి పెట్టెలోను ఉండును.

ఇన్ని ఓడలుండగా ఎమ్‌డెన్ మాట మనకేల యని చదువరులడుగవచ్చును. 1914 వ సంవత్సరము సెప్టెంబరు 22 వ తేదీ రాత్రి, ఆనాడు మన తెలుగు జిల్లాలకును ముఖ్యపట్టణమైన మద్రాసు ఎదుట నిలిచి, బర్మా ఆయిలు కంపెనీవారి నూనె తొట్లను ఫిరంగులతో కాల్చి మంటపెట్టినది ఈ ఓడయే. నూటికి పైగా గుండ్లు ప్రేల్చి, అరగంటకు కొంచెమించుమించుగా పని ముగించుకొని చీకటిలో మాయమయ్యెను. మరునాటినుండి వేలకొలది జనులు పట్టణము విడిచి పోయిరి. హైకోర్టు ప్రహరిగోడకు ఆ సంగతి తెలుపు శిలాఫలకమున్నది. ఎమ్‌డన్ అను మాట అరవములో గడుసువానికి పేరై నిలిచినది. నాయకుడైన కార్ల్ ఫాన్ ముల్లర్ రెండు మాసములలో ఇరువదికి పైగా వర్తకపు ఓడలను పట్టుకొనెను. ముంచవలసిన ఓడలలోని మనుష్యులను ముందుగా దింపి, వేరొక ఓడనెక్కించి పంపుట ఆయన పద్ధతి. 1914 నవంబరు 9 న కోకోసు దీవులయొద్ద ఆస్ట్రేలియావారి సిడ్నీ అను క్రూజరు ఎమ్‌డెన్‌ను ధ్వంసము చేసెను. నూటముప్పదిమందికి పైగా జర్మను నావికులు మరణించిరి. దీవి యంచున రాళ్లమీదికెక్కి నిలిచిన ఆ ఓడ అస్థిపంజరమును 1950 దశకమున పాత ఇనుము కొరకు కోసివేసిరి. కావున ఈ నమూనాను పక్కనుంచి పోల్చి చూచుటకు అసలు ఓడ లేదు. కొలతలును, ఛాయాచిత్రములును, సిడ్నీ నగరమున హైడ్ పార్కులో నిలిపిన దాని ఫిరంగి యొకటియు ఆధారములు.

ఇక కొలతలు. రెండు పెట్టెలను తొమ్మిదవ తరగతి పిల్లల కొకటి, పదవ తరగతి పిల్లల కొకటి యిచ్చి, జిగురు ముట్టకముందే కొలబద్ద పట్టుడని చెప్పితిమి. గ్రంథములలో ఎమ్‌డెన్ పొడవు 118.3 మీటర్లని యున్నది. దానిని 350 చేత భాగింప 338 మిల్లీమీటర్లు రావలెను. మేము కొలువగా 337 వచ్చెను. ఒక మిల్లీమీటరు తక్కువ! అసలు ఓడలో అది ముప్పదియైదు సెంటీమీటర్లు. తప్పు పట్టుకొంటిమని సంతోషించుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారూ, మీరు కొలిచినది నీటిగీత దగ్గర. అక్కడి పొడవు 117.9 మీటర్లే. ముక్కు కొసనుండి కొలిచి చూడండి" యనెను. అట్లు కొలువగా సరిగా 338. తప్పు కిట్టుది గాదు, మాది. ఆ బాలుని మాట మరల చెప్పవలసి వచ్చును.

వెడల్పు 13.5 మీటర్లకు ముప్పదియెనిమిదిన్నర మిల్లీమీటర్లు రావలెను, వచ్చెను. ముక్కు ఆనాటి యుద్ధనౌకల తీరున నీటి యడుగున ముందుకు పొడుచుకొని, పొట్టేలు ఢీకొన సిద్ధపడినట్లుండవలెను, అట్లే యున్నది. తరువాత ఓడను తలక్రిందులు చేసి అడుగు చూచితిమి. ఇది మూతమీది బొమ్మను చూచి తీర్పు చెప్పువారెన్నడును చేయని పని. ఎమ్‌డెన్‌కు డ్రెస్‌డెన్ అను తోబుట్టువు ఓడ గలదు. పైకి రెండును కవలలవలె నుండును; మూడేసి పొగగొట్టములు, పదేసి ఫిరంగులు. కాని డ్రెస్‌డెన్‌ను నడిపినది ఆవిరి టర్బైను యంత్రములు. దాని వెనుక నీటిని త్రోయు రెక్కల చక్రములు నాలుగు. ఎమ్‌డెన్‌లో నున్నవి పాతకాలపు ముషలకముల ఆవిరి యంత్రములు; దానికి చక్రములు రెండే. ఒకే అచ్చుతో రెండు ఓడలను అమ్మజూచు కర్మాగారము తొందరపడునది ఇక్కడనే. నీటి యడుగున నుండునది ఎవడు చూచునను ధైర్యముతో రెండింటికి బదులు నాలుగు తగిలించి పంపిన, కట్టువాడు కనుగొనలేడు. మాకు వచ్చిన పెట్టెలో రెండే యున్నవి. పరీక్షలో మొదటి మెట్టు దాటినదని అప్పుడు నమ్మితిమి.

ఫిరంగుల విషయమున మాత్రము న్యాయముగా మాటలాడవలెను. ఎమ్‌డెన్ ఫిరంగి గొట్టము నోరు పదిన్నర సెంటీమీటర్లు, పొడవు దానికి నలువది రెట్లు, అనగా 4.2 మీటర్లు. నమూనాలో పొడవు పండ్రెండు మిల్లీమీటర్లు; నోరు మిల్లీమీటరులో మూడు పదియవ వంతులు. ఆ రంధ్రమును ప్లాస్టిక్కులో పోతపోయుట దుస్సాధ్యము. ఓడ అంచున నుండు కటకటాల సంగతి ఇంకను కష్టము. రెండు సెంటీమీటర్ల కమ్మి ఈ నిష్పత్తిలో తల వెంట్రుక పాటిదగును. ప్లాస్టిక్కుతో దానిని పోయబోయిన కోటగోడవలె లావై, ఓడ కంతటికి మోటుతనము తెచ్చును. అందుచేత కొందరు పల్చని ఇత్తడి రేకును ఆమ్లముతో తినిపించి కటకటాలు చేసి వేరుగా అమ్ముదురు. మా కిట్టులో కటకటాలు లేవు. లేకపోవుటయే మేలని మా అభిప్రాయము. చేయలేని దానిని వికారముగా చేయుటకంటె విడిచిపెట్టుట మర్యాద. భాగముల సంఖ్యను బట్టి మెచ్చువారు దీనిని కొరతగా నెంచిరి. పండ్రెండేండ్ల పిల్లవాడు అయిదు మిల్లీమీటర్ల నావికుడు నిలువవలసిన చోట నూరు ముక్కలు జారవిడిచి, నేలమీద వెదకుకొని కన్నీరు పెట్టుకొనుటను వారు చూడలేదు గాబోలు.

ఇంతవరకు కిట్టు మంచిదే. మాకు గలిగిన గట్టి ఆక్షేపణ ప్లాస్టిక్కును గూర్చి కాదు, కాగితమును గూర్చి. రంగుల పట్టికలో ఓడ మేనికి తెలుపు, పొగగొట్టములకు పసుపు అని యున్నది. అబద్ధము కాదు. శాంతికాలమున చైనాలోని ఛింగ్‌దావ్ రేవున నుండగా ఎమ్‌డెన్ అట్లే యుండెడిది. తూర్పు సముద్రపు హంస యని దానికి పేరు. కాని 1914 ఆగస్టులో యుద్ధము రాగానే దానికి బూడిదరంగు పూసిరి. మద్రాసును కాల్చినది తెల్లని ఓడ కాదు. ఈ సంగతి పట్టికలో ఒక్క పంక్తి వ్రాసిన సరిపోవును. వ్రాయలేదు. చేయి దిద్దగల లోపము చిన్నదని పైన వ్రాసితిమి. దిద్దవలెనని తెలిసినగదా చేయి దిద్దును! తెలియనివానికి రంగు తప్పు పొడవు తప్పుతో సమానమే.

నవంబరులో పాఠశాల ప్రదర్శనము జరిగినపుడు రెండు ఓడలును బల్లమీదికి వచ్చినవి. తీర్పరులలో మేమొకరము. పదవ తరగతివారి ఓడ తెల్లని మేను, పసుపుపచ్చని గొట్టములు, అతుకు కనబడని నునుపుతో మెరయుచుండెను; ముందు అందమైన అక్షరములతో ‘మద్రాసుపై ఎమ్‌డెన్ దాడి, 1914’ అని చీటి. తొమ్మిదవ తరగతివారిది బూడిదరంగు. ఒక ప్రక్క అతుకు కొంచెము కనబడుచుండెను. అన్నిటికంటె వింతగా దానికి పొగగొట్టములు నాలుగు! నాలుగవది కాగితముతో చుట్టినది. ‘పినాంగు, 1914 అక్టోబరు 28’ అని చీటిపై నుండెను. మేము పెట్టె మూతను తెప్పించి పోల్చి చూచితిమి. మూతమీద మూడు గొట్టములు, బల్లమీద నాలుగు. లేని గొట్టము చేర్చిరని పది మార్కులు తీసివేసి, తెల్లని ఓడకు మొదటి బహుమానమిచ్చితిమి.

బహుమానములు పంచిన తరువాత ఆ నీటిగీత బాలుడు మాయొద్దకు వచ్చెను. ఏడ్వలేదు, వాదింపలేదు. ఒక పుస్తకము తెరచి చూపెను. ఎమ్‌డెన్ తన్ను ఆంగ్లేయుల ఓడగా భ్రమింపజేయుటకు గుడ్డతో చేసిన దొంగ పొగగొట్టము నొకదానిని నిలిపెడిదనియు, ఆ నాలుగు గొట్టములతోనే తెల్లవారుజామున పినాంగు రేవులో చొచ్చి, జెమ్‌చుగ్ అను రష్యా క్రూజరును ముంచెననియు అందులో నుండెను. శత్రువులు నూరేండ్లకు పూర్వము గొట్టములు లెక్కించి మోసపోయిరి. మేము ఇప్పుడు గొట్టములు లెక్కించి మోసపోతిమి! "కాగితపు గొట్టమును జిగురుతో అంటింపకుంటివేమి?" యని మేమడుగగా, "ఓడలోను అది తీసి పెట్టుటకు వీలైనదే గదా మాస్టారూ" యని చెప్పి, దానిని వ్రేళ్లతో మెల్లగా పైకి తీసి చూపెను.

ప్రధానోపాధ్యాయులు ప్రకటించిన ఫలితమును మార్చుట కుదరదనిరి. వారి మాట న్యాయమే. పొరపాటు మాది గనుక మేము మారుమాటాడలేదు. మరునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట మా తప్పును పిల్లల యెదుట చెప్పుకొంటిమి.

మిషను పాఠశాలలో యుద్ధనౌక బొమ్మలేల యని మా సంఘపు పెద్ద లొకరు ఆ ప్రదర్శనమునాడే ప్రశ్నించిరి. ఆ ప్రశ్న తోసివేయదగినది గాదు. తెల్లగా మెరయు బొమ్మను చూచి చప్పట్లు కొట్టుటతో సరిపెట్టిన వారన్నది నిజమే యగును. కాని బూడిదరంగు ఎందుకు పూసిరి, రాళ్లమీద నిలిచిన ఓడలో ఎందరు చచ్చిరి అని పిల్లవాడు వెదకి తెలిసికొన్నపుడు అది ఆటవస్తువుగా మిగులదు. ఈ విషయమున ఆ పెద్దలకును మాకును ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు.

ఈ సంవత్సరము ప్రదర్శనమునకు తీర్పు పద్ధతిని కొంత మార్చితిమి. పెట్టె మూతను తీర్పరులకు చూపరు. మొదట కొలబద్ద, తరువాత చీటిమీది తేదీ, ఆ పిమ్మటనే రంగు నునుపు. కట్టినవారిని మూడు ప్రశ్నలడిగిన గాని మార్కులు వేయరాదు. కిట్టు కొనదలచిన తలిదండ్రులకును మేము చెప్పునది ఇంతే: మూత చూచి, వెల విని, ముక్కలు లెక్కించి కొనకుడు; ఆ ఓడ పొడవెంతయో ముందుగా తెలిసికొని, భాగించి, అంగడిలోనే పెట్టె మూత తీయించి కొలువుడు. అంగడివాడు విసుగుకొన్న విసుగుకొననిండు.

రెండు ఓడలును ఇప్పుడు గ్రంథాలయపు అద్దముల బీరువాలో నున్నవి. కాగితపు గొట్టమును ఒక అగ్గిపెట్టెలో వేసి బూడిదరంగు ఓడ ప్రక్కనుంచిరి. అడిగినవారికి తీసి నిలిపి చూపుదురు. తెల్లని ఓడను కట్టిన పదవ తరగతి పిల్లలు, మేము చెప్పకముందే, వేసవి సెలవులకు పోవుటకు ముందు బీరువా తాళము తీయించుకొని తమ చీటిని మార్చిరి. రంగు ముట్టలేదు. ‘ఛింగ్‌దావ్ రేవు, యుద్ధమునకు పూర్వము’ అని వ్రాసిపెట్టిరి.