వెంటాడే వారి వాంగ్మూలం

వరుస నవలలలో రెండవ సంపుటానిది ఎప్పుడూ చిక్కైన స్థానమే. మొదటిదానికి కొత్తదనం అండ. చివరిదానికి ముగింపు అండ. రెండవదానికి ఆ రెండూ లేవు. కథను కొంతదూరం మోసి దించినచో చాలునని పలువురు రచయితలు తృప్తి పడతారు. సబా తాహిర్ 2016లో వెలువరించిన ‘ఎ టార్చ్ అగెయినెస్ట్ ది నైట్’ అట్లు తృప్తి పడిన నవల కాదు. కౌమార వయస్కుల కొరకు వ్రాసిన అద్భుత కథయే అయినా, పెద్దలు సైతం ఆలోచింపదగిన ప్రశ్న నొకదానిని మన ముందుంచుతున్నది. మనను వెంటాడే వారి మాటను మనం వినవలెనా?

తాహిర్ పాకిస్తానీ మూలాలు గల అమెరికన్ రచయిత్రి. పత్రికారంగంలో పనిచేస్తున్న రోజులలో, సైన్యం పట్టుకొనిపోయిన తమవారి కోసం ఎదురుచూసే కాశ్మీరీ స్త్రీలను గూర్చి చదివిన కథనం ఈ రచనకు బీజమైనదని ఆమె చెప్పియున్నారు. కనుకనే 2015 నాటి మొదటి భాగంలో, చెరబడిన అన్న కోసం తపించే లాయా ప్రధాన కథకురాలైనది. ఆమెది మార్షల్ సామ్రాజ్యం క్రింద ఐదువందల ఏళ్లుగా అణగియున్న స్కాలర్ జాతి. ఆ సామ్రాజ్యపు సైనిక విద్యాలయంలో పెరిగి, దానినే అసహ్యించుకొనే ఎలియాస్ రెండవ కథకుడు. ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్కరి నోట ‘నేను’ అంటూ సాగుతుంది.

రెండవ భాగంలో వీరిద్దరూ దారిన్‌ను విడిపించుటకు ఉత్తరాన గల కౌఫ్ చెరసాలకు బయలుదేరుతారు. అప్పుడు మూడవ ‘నేను’ ప్రవేశిస్తుంది. ఆమె హెలెన్, ఎలియాస్ బాల్యమిత్రురాలు, నేడు చక్రవర్తి మార్కస్‌కు కుడిభుజం. ఎలియాస్‌ను పట్టి తెమ్మని ఆమెకు ఆజ్ఞ. తేలేకపోయినందుకు తల్లిదండ్రులను, ఒక చెల్లెలిని కోల్పోతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. పీడించే రాజ్యపు సేనానికి గొంతు నిచ్చినచో పీడితుని కన్నీటి విలువ తగ్గిపోదా? ఆమె దుఃఖాన్ని చూచి ఆమె సేవించే సింహాసనపు నేరాన్ని మరచిపోమా? ఈ భయం కేవలం అపోహ కాదు. అట్లు మరపించే రచనలు లేకపోలేదు.

కాని వినుట వేరు, విడిచిపెట్టుట వేరు. న్యాయాధిపతి ముద్దాయి వాంగ్మూలం వినుట అతనిని నిర్దోషిగా ఎంచుటకు కాదు, తీర్పు నిలబడుటకు. హెలెన్ మాటలలో మనకు తెలిసివచ్చేది ఆమె నిర్దోషిత్వం కాదు. విధేయత, వంశగౌరవం, ప్రమాణపాలన వంటి మంచి గుణాలనే దుష్టరాజ్యం ఎట్లు తన పనిముట్లుగా మలచుకొంటున్నదో తెలిసివస్తున్నది. క్రూరులతో మాత్రమే క్రూరత్వం సాగదు. మంచివారి కర్తవ్యబుద్ధి కూడా దానికి కావలెను. లాయా ఒక్కతే చెప్పిన కథలో ఈ సత్యం ఇంత స్పష్టంగా కనిపించి యుండేది కాదు.

రచయిత్రి మరొక అడుగు ముందుకు వేసినది. నేడు పీడితులైన స్కాలర్లే పూర్వం జిన్నుల జాతిని బంధించి నాశనం చేసినవారట. దాస్తాన్‌లలో మనకు పరిచితులైన జిన్నులు ఇక్కడ కేవలం భయపెట్టుటకు రాలేదు. తమ ఫిర్యాదుతో వచ్చినారు. అయితే వారి రాజుకు ఈ భాగంలో ‘నేను’ దక్కలేదు. అది నా దృష్టిలో ఒక కొరత. శీర్షికన పేరు లేనిచో ముగ్గురి భాషను వేరు పరచుట తరచు కష్టమగుట మరొక కొరత. మూడు గొంతులు ఉన్నవి గాని మూడు నుడికారాలు లేవు.

అయినా ఈ పుస్తకం మన విద్యార్థులు చదువదగినది. తన బాధను చెప్పుకొనుటకు ధైర్యం కావలెను. ఎదిరి బాధను విని కూడా తన న్యాయాన్ని వదలకుండుటకు అంతకు మించిన ధైర్యం కావలెను. మొదటిది అందరూ నేర్పుతారు. రెండవదానిని నేర్పే కథలు అరుదు.