ఇసక నేలలో ఇంకుడు గుంత ఇంకేదెట్టా?

మన తీరంలో ఇంటింటికీ కొళాయి వచ్చిన పాలేనికల్లా దాని వెనకాల్నే మురుగు కాలవ తగువు గూడా వచ్చింది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. వాడుకున్న నీళ్ళల్లో ఐదింట నాలుగొంతులు మురుగై బయటికొస్తాయనేది ఇంజినీర్ల లెక్క. అంటే వెయ్యిమంది ఉండే ఊర్లో దినానికి 44 వేల లీటర్లు. ఇవి యాడికి పోవాల? పైపులేసేటప్పుడు ఈ మాట ఎవురూ అడగలా.

2020లో వచ్చిన స్వచ్ఛ భారత్ రెండో దశలో, 5 వేల లోపు జనం ఉండే ఊర్లకి మురుగునీటి పనికి తలకి 280 రూపాయల దాకా ఇస్తామన్నారు. వెయ్యిమందికి 2 లక్షల 80 వేలు. ఆ డబ్బుకి అందరికీ తట్టేది ఇంకుడు గుంతే. నీళ్ళు పాతాళంలో ఉండే మెట్ట ఊర్లలో అది బాగానే పనిచేస్తాది. నాలుగడుగులు తవ్వితే ఊట పడే పాలెంలో ఏం చేస్తాది? ఈశాన్య వానల్లో, అక్టోబరు నించి డిసెంబరు దాకా, ఆ గుంత మురుగుని తాగదు, కక్కతాది.

కంటికి కనపడని నష్టం ఇంకోటి ఉండాది. ఇసకలో వాన నీళ్ళు తేలిక గాబట్టి, ఉప్పునీళ్ళ మీద పల్చటి పొరగా తేలి ఉంటాయి. మన పెద్దోళ్ళు చెలమ తవ్వి కడవ ముంచుకునింది ఆ పొరలోనే. చేతిపంపు లాగేదీ ఆ పొర నించే. మరుగుదొడ్డి గుంతలోదీ, బట్టల సబ్బు నీళ్ళూ దిగేదీ ఆడికే!

టౌన్లో మాదిరి ప్లాంటు పెట్టాల అనేవాళ్ళూ ఉండారు. ఆ ప్లాంట్లలో మురుగుని తినేది సూక్ష్మజీవులు. వాటికి రేయింబగళ్ళు గాలి ఊదాల. నాలుగు దినాలు కరెంటు లేకపోతే అవి చచ్చి కంపు మిగల్తాది. వీధిలైటు మార్చడానికే తిప్పలు పడే పంచాయతీ ఆ బిల్లు ఎట్టా కడతాది?

నా మటుకు నాకు సరైంది కంకర మడుగు. ముందు బురద తేరుకునే తొట్టి, తర్వాత అడుగున షీటు పరిచి కంకర పోసి జమ్ము నాటిన మడి. నీళ్ళు కంకర లోపల్నే నిదానంగా నడస్తాయి, జమ్ము వేళ్ళకాడ శుద్ధవుతాయి. షీటు ఉంది గాబట్టి నేలలోకి దిగవు. మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు, అంటే వెయ్యిమందికి పాతిక నించి యాభై సెంట్లు చాలు. మన నేల బల్లపరుపు గాబట్టి ఒక చిన్న మోటారు తప్పకపోవచ్చు. 280 రూపాయలు కూడా చాలవు, ఆర్థిక సంఘం నిధులు కలపాల. పనితనానికి మాత్రం కొదవ లేదు. షీటు పరచడం, నీళ్ళకి గాలి ఎందుకో తెలియడం రొయ్యల గుంటలోళ్ళకి కొత్తా?

ఆ గుంటల మాటా రావాల. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల్ని తీసేయమనింది. 2005 చట్టం వాటికి మళ్ళీ దారిచ్చింది. వనామీ నీళ్ళు రెండు రోజులన్నా నిలబెట్టి, తేర్చి వదలాలని నిబంధన. కాలవ గట్టున నడిస్తే తెలస్తాది అది ఎంత అమలవుతుందో. ఊరి మురుగుకీ గుంటల మురుగుకీ వేరేవేరే ఆఫీసులు, కలిసేది మాత్రం ఒకే ఉప్పుటేరులో.

2014లో సచిన్ తెందుల్కర్ దత్తత తీసుకున్న, గూడూరు దగ్గరి పుట్టంరాజువారి కండ్రిగకి భూగర్భ డ్రైనేజీ వచ్చింది. సంతోషమే. పాలేనికొక సచిన్ రాడు గదా.

గ్రామసభలో ఇంకుడు గుంతల తీర్మానం పెడితే ఒకటి అడగండి. కార్తీకంలో ఒక గుంత తవ్వి, ఎన్నడుగుల్లో నీళ్ళు పడ్డాయో టేపుతో కొలిచి, ఆ అంకెని తీర్మానంలో రాయమనండి.