ఒక్క మెట్లదారి ఎవరికి చాలు?

హెర్న్‌డన్ నుంచి రాస్తున్నా. ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నా. కోపం వచ్చినా పర్లేదు, చివరిదాకా చదవండి.

పోయిన నెల ఒక తమ్ముడు రూము చూడ్డానికి నన్ను తోడు తీసుకుపోయినాడు. ఇల్లు మన తెలుగాయనదే. బేస్‌మెంట్‌లో షీట్‌రాక్ అడ్డం పెట్టి నాలుగు గదులు చేసినాడు, గదికి ఇద్దరు. పైకి రావడానికి మెట్లు ఒక్కటే, అవి కూడా నేరుగా వంటింట్లోకి. కిటికీ ఉంది గానీ దాంట్లో పిల్లి దూరుతుంది, మనిషి దూరడు. పొగ అలారంలో బ్యాటరీ లేదు. తాలింపు పెట్టినప్పుడల్లా కూస్తోందని పిల్లలే తీసేశారట.

ఇదేంది సార్ అని అడిగితే ఆయన నవ్వి, "ఆరంతస్తులకే ఒక్క మెట్లు చాలని ఇక్కడి గవర్నమెంటే అంటోంది, నా ఇంటికి రెండెందుకు?" అన్నాడు.

ఈ మాట ఇంకొందరి నోట కూడా విన్నా. అందుకే రాస్తున్నా. 2024లో వర్జీనియా శాసనసభ చెప్పింది ఏందంటే, ఆరంతస్తుల దాకా అపార్ట్‌మెంట్లకు ఒక్క మెట్లదారితో అనుమతి ఇవ్వొచ్చేమో నిపుణుల్ని కూర్చోబెట్టి పరిశీలించమని. పరిశీలించమంది, చాలని చెప్పలేదు. వాళ్ళ వాదనలో న్యాయం లేదని నేను అనను. అద్దెలు మండిపోతున్నాయి, చిన్న స్థలంలో ఎక్కువ ఇళ్ళు లేపాలంటే రెండో మెట్లు చోటు తింటాయి. న్యూయార్క్‌లో, సియాటిల్‌లో అట్లాంటి బిల్డింగులు ఉన్నాయి కూడా. అయితే ఏ షరతు మీద? సియాటిల్‌లో అంతస్తుకు నాలుగు ఇళ్ళకు మించకూడదు. బిల్డింగంతా స్ప్రింక్లర్లు ఉండాలి. మెట్ల చుట్టూ మంటకు ఆగే గోడలు ఉండాలి. ఇవన్నీ పెట్టినాక ఒక్కటి చాలుతుందా అని అక్కడ తర్జనభర్జన. మన ఇంటాయన షరతులన్నీ పక్కన పడేసి ఒక్క మెట్లు మాత్రం ఉంచుకున్నాడు.

ఇంకొకటి. ఇక్కడి అపార్ట్‌మెంట్ల కోడ్‌లో దారులు లెక్కగట్టేటప్పుడు మనిషికి 200 చదరపు అడుగులు వేసుకుంటారు. ఆ బేస్‌మెంట్ 800 అడుగులు ఉంటుందేమో. ఆ లెక్కన నలుగురు. పడుకునేది ఎనిమిది మంది. ఏ పరీక్షలోనూ, ఏ కాగితంలోనూ మనం లేము అన్నలారా. రీసెర్చి చేసేది ఒక ఇంటి మీద, మనం ఉండేది ఇంకో ఇంట్లో.

ఒక్క మెట్లు అంటే ఏందో మన దగ్గరే చూశాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయగూడలో తుక్కు గోదాము కాలింది. పైన పడుకున్న బీహార్ కూలీలు పదకొండు మంది పోయారు. కిందికి రావడానికి ఒకటే మెలికల మెట్లు, అవి కూడా మంటల్లోకే. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు. 2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో దాదాపు 50 మంది పోయారు. ఎక్కువమంది మన దేశంవాళ్ళే, ముగ్గురు ఆంధ్రావాళ్ళు. ఆ బిల్డింగులో దగ్గర దగ్గర రెండు వందల మందిని పెట్టారు. గదుల మధ్య అడ్డాలు కూడా అంటుకునే సరుకే. పైకి పోదామంటే డాబా తలుపుకు తాళం. చాలామందిని చంపింది మంట కాదు, పొగ. నేనూ గల్ఫ్‌లో అట్లాంటి క్యాంపులోనే పడుకున్నా, కిటికీకి ఏసీ బిగించి మూసేసిన గదిలో పన్నెండు మందిమి. అప్పుడు భయమే వేయలేదు, తెలియక.

ఇక్కడ యూఎల్ అనే సంస్థ పాతకాలం సామాన్లతో ఒక గది, ఇప్పటి ఫోము సోఫాలతో ఒక గది కట్టి తగలబెట్టి చూసింది. పాత గది అంతా అంటుకోవడానికి దాదాపు అరగంట. కొత్త గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. రోడ్డు పక్కన దొరికిన ఫోము పరుపులు తెచ్చుకునేది మనమే గదా. పడుకునేటప్పుడు గది తలుపు మూసుకోమని కూడా వాళ్ళే చెప్తున్నారు, పొగ, వేడి లోపలికి రావడానికి టైం పడుతుంది. అయితే కిటికీ లేని గదిలో ఆ టైం ఏం చేసుకోవాలి?

కంప్లైంట్ ఇస్తే ఉన్న చోటు పోతుందని మీరంటారు. నిజమే, పోతుంది. అందుకే కంప్లైంట్ సంగతి తర్వాత, ముందు చేరకుండా ఉండండి. జేబులో టేపు మనకెప్పుడూ ఉంటుంది. బేస్‌మెంట్ పడకగది కిటికీ తెరిస్తే వెడల్పు 20 అంగుళాలకు, ఎత్తు 24 అంగుళాలకు తగ్గకూడదు, మొత్తం సందు మామూలుగా 5.7 చదరపు అడుగులు ఉండాలి. కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. మంది ఇళ్ళకు ఈ కొలతలు తప్పకుండా పెట్టేది మన చేతులే. అలారం లేకపోతే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ ఫైర్ వాళ్ళను అడగండి, ఉచితంగా పెడతారు. ఉన్నదాంట్లో బ్యాటరీ తీసినోడు మాత్రం నాకు ఎదురు పడొద్దు.

చివరిగా మన అడ్మిన్లకు ఒక మాట. ఈ గ్రూపులో రోజూ "రూము ఖాళీ, అద్దె తక్కువ" అని పోస్టులు వస్తున్నాయి. ఆ ఇంటాయన పోస్టు కూడా ఇక్కడే చూశా. కిటికీకి టేపు పెట్టి తీసిన ఫొటో, అలారం ఫొటో, ఎంతమంది ఉంటారో సంఖ్య, ఈ మూడూ లేని పోస్టు తీసేయండి. పోస్టు పెట్టేది మనవాడైనా సరే, నా పోస్టైనా సరే.

ఆ తమ్ముడు వేరే చోట చేరినాడు. నెలకు నూట యాభై డాలర్లు ఎక్కువ. ఇంటికి పంపేది తగ్గిందని నన్ను తిట్టుకుంటున్నాడట. తిట్టుకోనీ.